సున్నా నంబరు ట్యూబు

ముప్పై మూడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా ఊరివాళ్ల రక్తం చూసి బతికాను. మొహాలు తొందరగా మరిచిపోతాను గానీ అంకెలు మరిచిపోను. రిటైరయ్యాక ఇప్పటికీ పలాస బజారులో ఎవరైనా ఆపి దండం పెడితే ఆ మనిషి పేరు గుర్తురాదు, ‘రెండు పాయింట్ నాలుగు’ అని గుర్తొస్తుంది. ఇది మంచి అలవాటు కాదని మా ఆవిడ అంటుంది. నిజమే.

ఈ మధ్య మా బంధువుల అమ్మాయి ఒకతి ఎంబీబీఎస్ పూర్తిచేసి, పీజీ సీటు రాక, గది తలుపు వేసుకుని కూర్చుందని విన్నాను. ఆ పిల్ల కోసమే ఇది రాయడం మొదలుపెట్టాను. రాసేకొద్దీ ఇది ధైర్యం చెప్పే కథ కాదని నాకే తెలిసింది. అయినా చదువు తల్లీ. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కూడా చదవండి. నిజానికి ఎక్కువ భాగం మీకే.

మా ఆసుపత్రి పలాసకీ టెక్కలికీ మధ్యన. పేరు చెప్పను. అక్కడి మనుషుల పేర్లూ చెప్పను, నా తప్పుకు వాళ్ల పేర్లెందుకు? కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చే వాసన వచ్చేది, మూస్తే స్పిరిట్ వాసన. రోజూ పొద్దున్న ఉద్దానం ఊళ్ల నుంచి ఆటోల్లో మనుషులు వచ్చి చేతులు చాపేవాళ్లు.

ఉద్దానం జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. షుగరూ బీపీ లేని మనిషి, నిన్నటి దాకా కొబ్బరిచెట్టు ఎక్కి దిగినవాడు, నొప్పి లేకుండా వాపు లేకుండా కిడ్నీలు పోగొట్టుకుంటాడు. నీళ్లన్నారు, మట్టన్నారు, పురుగుమందులన్నారు, ఎండన్నారు. ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా దగ్గరున్నది ఒక్క అంకె, క్రియాటినిన్. ఒకటికి అటూ ఇటూగా ఉంటే కిడ్నీ బాగున్నట్టు. పెరిగేకొద్దీ కిడ్నీ తరిగిపోతున్నట్టు. ఆ అంకె చెప్పేది మిషను. ఆ మిషను నిజం చెబుతోందా లేదా అని చూడవలసినవాణ్ణి నేను.

దానికో పద్ధతుంది. కంట్రోల్ సీరం అని చిన్న సీసా వస్తుంది. అందులో ఎంత ఉందో సీసా మీదే రాసి ఉంటుంది. రోజూ ముందు దాన్ని మిషనులో పెట్టి, సీసా మీద రాసిన అంకే వస్తే పని మొదలుపెట్టాలి. ఒక ఏడు తుపాను వచ్చి పదకొండు రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఉన్న సీసాలన్నీ పాడయ్యాయి. కొత్తవి అడిగితే జిల్లా స్టోరు నుంచి ‘పంపుతాం’ అన్న జవాబు మాత్రం వచ్చింది. జనం మాత్రం వరసగా కూర్చున్నారు. ఏం చేయను? నా చేతి నుంచే రెండు మిల్లీలీటర్లు తీసుకుని మిషనులో పెట్టాను. నాది ఎప్పుడూ 0.9. మిషను 0.9 అంది. హమ్మయ్య అనుకుని పని మొదలుపెట్టాను.

ఆ రోజు అవసరం. మర్నాడు కూడా అవసరమే. ఆ తర్వాత అది అలవాటైపోయింది. మధ్యలో సీసాలు వచ్చినా ఒకసారి వచ్చేవి, మూడుసార్లు వచ్చేవి కావు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయినప్పుడల్లా వాటిమీద నమ్మకం పోయేది. సీసా కన్నా మనిషి నయమనుకున్నాను. ర్యాకులో మొదటి గుంతలో నా ట్యూబు, దానిమీద నంబరు సున్నా. మిగతా ట్యూబులు ఒకటి నుంచి మొదలయ్యేవి. స్టాఫు నర్సులు నన్ను ‘సున్నాగారు’ అని ఏడిపించేవారు. నేను మురిసిపోయేవాణ్ణి.

రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా నాకు షుగర్ బయటపడింది. షుగర్ ఉన్నవాడి రక్తం కొలబద్దకు పనికిరాదని, చాలా శాస్త్రీయంగా, నాకు నేనే చెప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చాడు ఆ కుర్ర డాక్టరు.

ఇరవయ్యారేళ్లు. ఉద్దానంలో సముద్రానికి దగ్గరి ఊరు. తండ్రిది కొబ్బరితోట. ఇంట్లో మొదటి డాక్టరు. పీజీ పరీక్షలో ర్యాంకు మరీ చెడ్డదేం కాదు. కానీ ఆప్షన్లు పెట్టేటప్పుడు జనరల్ మెడిసిన్ తప్ప ఇంకేదీ పెట్టలేదు. కౌన్సెలింగు మూడు రౌండ్లూ అయిపోయాయి, సీటు రాలేదు. మళ్లీ పరీక్ష రాసేదాకా కాంట్రాక్టు మీద మా డయాలసిస్ వార్డులో చేరాడు. మొదటి రోజే ల్యాబులోకి వచ్చి, మాది ఏ ఊరో అడిగి, వాళ్ల ఊరు చెప్పి, ‘‘అయితే నువ్వు నాకు మావవే’’ అన్నాడు. చుట్టరికమేం లేదు. అయినా ఆ రోజు నుంచి నేను మావ, అతను అల్లుడు. సూపరింటెండెంటు మేడమ్ ముందు మాత్రం ‘సార్’ అనేవాణ్ణి.

‘‘అల్లుడూ, రోజూ పొద్దున్న రెండు చుక్కలు రగతమియ్యాల. మన మిషనుకి నువ్వే దేవుడివి’’ అన్నాను.

‘‘సీటియ్యనోళ్లకి నా రగతం కూడా అక్కర్లేదు మావా, నువ్వైనా తీసుకో’’ అని చొక్కా చెయ్యి మడిచాడు.

మొదటి రోజు 0.9 వచ్చింది. నా అంకే. వారసుడు దొరికాడని సంతోషించాను. ఉద్దానంలో పుట్టినవాడి రక్తాన్ని ఉద్దానం రక్తాలకు కొలబద్దగా పెట్టుకుంటున్నానన్న ఆలోచన నాకు రాలేదు, అతనికీ రాలేదు, ఆసుపత్రిలో ఎవరికీ రాలేదు. ఆ జబ్బు బెంచీమీద కూర్చున్నవాళ్లకే గానీ బల్లకు ఇవతల ఉన్నవాళ్లకు రాదని మా అందరికీ ఎక్కడో ఒక నమ్మకం. ఎవరూ పైకి అనలేదు గానీ ఆ నమ్మకం మీదే అందరం పనిచేశాం.

మధ్యాహ్నం వార్డులో పని తగ్గగానే అతను జనరేటరు షెడ్డు పక్కన మెట్టుమీద కూర్చునేవాడు. ఫోను సిగ్నలు అక్కడే బాగా వచ్చేది. కాలేజీలకు ఫోన్లు చేసేవాడు. ‘‘సార్, ఎవరైనా చేరకుండా మానీసినారా? ఖాళీ ఏటైనా ఉందా?’’ ఇదే మాట, రోజుకు నాలుగైదుసార్లు. ఆ మెట్టుకు ఎదురుగానే డయాలసిస్‌కి పేరు రాయించుకుని బెడ్డు కోసం చూసేవాళ్లు కూర్చునేవాళ్లు. వాళ్లూ ఖాళీ కోసమే వచ్చేవారు. అక్కడ బెడ్డు ఎలా ఖాళీ అవుతుందో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. అతను ఫోనులో ‘ఖాళీ’ అన్నప్పుడల్లా వాళ్లు తలెత్తి చూసేవారు. నేను కిటికీ మూసేసేవాణ్ణి.

రెండో నెలలో అతని ట్యూబు 1.0 చూపించింది. మిషను కొంచెం ఎక్కువ చూపిస్తోందనుకున్నాను. మిషనులో ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. దాన్ని కాస్త తగ్గిస్తే వచ్చే రిపోర్టులన్నీ కాస్త తగ్గుతాయి. తగ్గించాను, 0.9కి వచ్చింది. మార్చినప్పుడల్లా గోడమీది జీడిపప్పు కంపెనీ క్యాలెండరులో పెన్సిలుతో రాసుకునేవాణ్ణి. మూడు వారాలకు మళ్లీ 1.0. మళ్లీ తగ్గించాను. ఎప్పుడూ చిన్న తేడాయే. ఒక్కసారిగా పెరిగి ఉంటే అనుమానం వచ్చేదేమో. మిషను పాతబడింది, నాలాగే రిటైరవ్వాలని చూస్తోందని జోకులేసుకుంటూ తిప్పుతూ పోయాను.

ఆ తర్వాత ల్యాబులో ఒక చిత్రమైన కాలం నడిచింది. అంతకు ముందు రిపోర్టు చేతికిచ్చే వేళకు వరండాలో ఎవరో ఒకరు ఏడుపు ఎత్తుకునేవారు. నెమ్మదిగా ఆ ఏడుపులు తగ్గాయి. నాలుగున్నవాడికి మూడు వచ్చేది. రెండున్నవాడికి ఒకటిన్నర వచ్చేది. మనుషులు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవారు. మొహాలు మాత్రం అలాగే పాలిపోయి ఉండేవి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవారు. అంకె బాగుంది, మనిషి బాగోలేడు. వరండా నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చాలి గానీ, ఎందుకో నచ్చలేదు. సీలింగు ఫ్యాను చప్పుడు వినిపిస్తుంటే పని మధ్యలో చెయ్యి ఆగిపోయేది.

సూపరింటెండెంటు మేడమ్ గుంటూరు వైపు మనిషి. ఖచ్చితమైనది, అరవదు. ఆవిడ నెలనెలా అంకెలన్నీ కలిపి ఒక గ్రాఫు గీయించింది. గీత కిందికి దిగుతోంది. ‘‘కొత్త మంచినీళ్ల పైపు వేశారు కదండీ, దాని ఫలితం కావచ్చు’’ అంది. ఆ గ్రాఫు పైకి వెళ్లింది. ఊళ్లలో కబురు పాకింది. దసరాకి ఆయుధపూజ రోజున మిషనుకి పసుపూ కుంకుమా పెడుతుంటే, పరీక్షలకు వచ్చిన ఆడవాళ్లు కొందరు లోపలికొచ్చి మేమూ పెడతామన్నారు. ఒకావిడ మిషనుకి బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని, ‘‘మా ఇంటాయన్ని సల్లగా సూసినాది’’ అంది. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే మిషను ముందువైపంతా వేలిముద్రల ఎరుపు. తుడవడానికి చెయ్యి రాలేదు. నెలరోజులు అలాగే దానితో పనిచేశాను.

ఒక్క మనిషి మాత్రం ఒప్పుకోలేదు. డయాలసిస్ వార్డులో ఆరో బెడ్డు ముసలమ్మ. సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. వారానికి రెండుసార్లు వచ్చేది. పెద్దకొడుకు ఈ జబ్బుతోనే పోయాడు, తర్వాత ఆవిడ వంతు వచ్చింది. ఆవిడకు ఒక విద్య ఉండేది. పరీక్షకు రక్తం తీసేటప్పుడు నాలుక ఒకసారి పెదాలమీద ఆడించి, తన అంకె తానే చెప్పేది. నోట్లో ఇనప రుచి ఎంత ఉందో చూసి చెబుతుందట. అర పాయింటు అటూ ఇటూగా సరిపోయేది. అందుకే నవ్వులాటకి ముందు ఆవిణ్ణి అడిగి తర్వాత మిషను చూసేవాణ్ణి.

ఆ కాలంలో ఆవిడ అంకె, మిషను అంకె విడిపోయాయి. ఆవిడ తొమ్మిదంటే మిషను ఏడున్నర అనేది. కొన్నాళ్లకు ఆరు అంది.

‘‘మిషను అబద్దమాడతంది బాబూ’’ అంది ఒకరోజు.

‘‘ముప్పై యేళ్ల నుంచీ సేత్తన్నాను. నాకు మిషను నేర్పుతావేటమ్మా?’’ అని కసిరాను. పెద్ద మనిషిని అలా అనకూడదు. కానీ అన్నాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. వార్డులో అటు చివర నిలబడి నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతున్న మా డాక్టరుకేసి చూస్తోంది.

‘‘ఆ గుంటడు అన్ని నీళ్లు తాగుతాడేటి? మా పెద్దోడు ఇలగే తాగేవోడు. తాగడం, బయిటికి పోడం. ఆడికి రగతం సూసినావా?’’

‘‘రోజూ సూత్తన్నాను.’’

‘‘ఏటొత్తంది?’’

‘‘పాయింట్ తొమ్మిది.’’

‘‘ఎప్పుడూ అదేనా?’’

‘‘ఎప్పుడూ అదే.’’

ఆవిడ నా మొహంలోకి చూసింది. ‘‘బతికున్నోడి రగతం రోజూ ఒక్కలాగే ఉంటాదేటి బాబూ?’’

మధ్యాహ్నం పన్నెండు గంటల వేళ, వార్డు నిండా వెలుగు, చుట్టూ మనుషులు. అయినా నా వీపుమీద చన్నీళ్లు పోసినట్టయింది. ల్యాబుకు తిరిగొచ్చి క్యాలెండరు ముందు నిలబడ్డాను. పెన్సిలు అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. వాటిని చూశాను. చూసి, నెల కాగితం తిప్పేశాను. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు ఆ రోజే తెలియవలసింది, బహుశా తెలిసే ఉంటుంది. తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది.

ఈలోగా అతను రెండోసారి పరీక్ష రాశాడు. ర్యాంకు ఇంచుమించు అదే. మళ్లీ రౌండ్లు మొదలయ్యాయి, మళ్లీ సీటు రాలేదు. ఇక మిగిలిపోయిన సీట్లకు ఆఖరి రౌండు ఒక్కటే ఉంది. దానికో మెలిక. అందులో ఏ సీటు వచ్చినా చేరి తీరాలి. చేరకపోతే మరుసటి ఏడు పరీక్షకు కూర్చోనివ్వరు. ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చుని ఆప్షన్లు పెడుతున్నాడు. మెడిసిన్ ఉన్న కాలేజీలు నాలుగు పెట్టి ఆగాడు.

‘‘మిగతావి కూడా పెట్టు అల్లుడూ. ఇంకో యేడు ఆ మెట్టుమీద కూకుంటావేటి?’’

‘‘మిగిలినవేటి మావా? ఇదిగో, బయోకెమిస్ట్రీ. అంటే నీ పనే గదా. డాక్టరై ఉండి నీ కుర్చీలో కూకుని ట్యూబులు కడుక్కోవాలా?’’

అనేసి నాలుక కరుచుకున్నాడు. నేను నవ్వాను. నొచ్చుకోలేదని చెప్పడానికి నవ్వాను గానీ, నొచ్చుకున్నాను. ముప్పై ఏళ్లు దాటిన పనిని ఒక్క మాటలో తీసేశాడు. అతనికది తెలిసింది. మళ్లీ మౌసు అందుకుని ఆఖరి వరసలో బయోకెమిస్ట్రీ కూడా చేర్చాడు. కేవలం నా మొహం చూసి.

నాలుగు రోజుల తర్వాత సీటు వచ్చింది, అదే. రైల్లో నాలుగు గంటల దూరంలో ఉన్న కాలేజీలో బయోకెమిస్ట్రీ. మర్నాడు సాయంత్రం లోపల వెళ్లి చేరాలి.

సీటు వచ్చిన ఆ పొద్దునే అతను ల్యాబులోకి వచ్చినప్పుడు నావైపు చూడలేదు. చేరడానికి వైద్య పరీక్షల కాగితం కావాలి, దానికి రక్తం ఇవ్వాలి. చెయ్యి చాపి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ‘‘ఎల్తావా?’’ అంటే, ‘‘ఏమో’’ అన్నాడు. వెళ్లకపోతే ఒక ఏడు పోతుంది. వెళ్తే అతని లెక్కలో బతుకంతా పోతుంది. తన బదులు ఇంకెవరైనా తేల్చేస్తే బాగుండునని ఉన్నట్టుంది.

అప్పుడే జిల్లా స్టోరు నుంచి ఐస్ పెట్టె వచ్చింది. ఏడాది పైన అడగ్గా అడగ్గా వచ్చిన కంట్రోల్ సీరం. రెండు సీసాలు. ఒకదానిమీద 1.0 అని, రెండోదానిమీద 6.0 అని ఉంది. పెట్టెలో ఐస్ ఇంకా గట్టిగా ఉంది, పాడైందనడానికి వీల్లేదు. అతని ట్యూబు సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిరిగి రక్తం మీద సీరం తేలేలోగా చూద్దామని మొదటి సీసా పెట్టాను.

మిషను 0.6 అంది.

రెండో సీసా పెట్టాను. 3.6.

బొట్ల మరకలు ఇంకా పూర్తిగా పోని ఆ మిషను ముందు కూర్చుని ఆ రెండు అంకెలూ చూస్తూ ఉండిపోయాను. బయట వరండాలో యాభై మంది దాకా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. వాళ్లందరికీ నేను తొమ్మిది నెలలుగా ఏం చెబుతూ వచ్చానో అప్పుడు తెలిసింది. మిషను తప్పు చూపించలేదు. నేను దాని చెయ్యి పట్టుకుని అబద్ధం రాయించాను. ఎందుకు రాయించానో తలుచుకున్నాక, పక్కనున్న అతని సున్నా నంబరు ట్యూబుకేసి చూడటానికి భయమేసింది.

ఫ్యాక్టర్ మొదట్లో ఉన్నచోటికి తెచ్చాను. సీసాలు రెండూ మళ్లీ పెట్టాను. 1.0, 6.0. తర్వాత అతని ట్యూబు.

1.5.

నా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

‘‘ఏటొచ్చింది మావా?’’

నేను స్క్రీనుకు అడ్డంగా ఉన్నాను. అతనికి కనిపించదు. ‘పాయింట్ తొమ్మిది’ అంటే సరిపోయేది, రోజూ అనేదే. కాగితం తీసుకుని రైలెక్కేవాడో, ఎక్కకుండా ఉండేవాడో. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇరవై ఆరేళ్లవాడు, సీటు చేతిలోకి వచ్చిన రోజు. నేను పక్కకు జరిగాను. జరిగాక గానీ తెలియలేదు, నాకు కన్నీళ్లు కారుతున్నాయి.

అతను అంకె చూశాడు. సీసాలు చూశాడు. గోడమీద క్యాలెండరు చూశాడు. చదువుకున్నవాడు, నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. నెమ్మదిగా క్యాలెండరు దగ్గరికి వెళ్లి కాగితాలు వెనక్కి తిప్పుతూ, పెన్సిలు అంకెలమీద వేలుపెట్టి ఒక్కొక్కటీ చదివాడు. తన కిడ్నీ ఎలా తగ్గుతూ వచ్చిందో నా చేతిరాతలో చదువుకున్నాడు.

‘‘ఆరో బెడ్డు అమ్మది పొద్దున ట్యూబు ఉందా?’’ అన్నాడు చివరికి.

ఉంది. పాత లెక్కలో 5.4 అని రాసేసి ఉంచాను. ఇప్పుడు పెడితే 9.0 వచ్చింది. ఆవిడ ఆ పొద్దున ఏమందో రిజిస్టరు పక్కన సరదాకి రాసుకున్నాను. తొమ్మిది.

అతను కోప్పడతాడని చూశాను. నాలుగు తిట్లు తిడితే బాగుండేది. కుర్చీ లాక్కుని, రిజిస్టరు తెరిచి, ఫోనులో లెక్కల మిషను తీసి, ‘‘నువ్వు తేదీ, ఫ్యాక్టరు సెప్పు మావా, నాను సరి సేత్తాను’’ అన్నాడు. ఒంటిగంట దాకా ఇద్దరం అదే పని. బాగున్నారని ఇంటికి పంపినవాళ్లలో బాగోలేనివాళ్ల పేర్ల పక్కన ఎర్ర గీత గీశాం. పేజీ తిప్పినప్పుడల్లా గీతలే. మధ్యలో ఒకచోట వాళ్ల ఊరి పేరు వచ్చింది, వాళ్ల చిన్నాన్న పేరు. గీత గీసి పేజీ తిప్పాడు.

మేడమ్‌ని పిలిచి చెప్పాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ‘‘నేను ఆ గ్రాఫు పైకి పంపానండీ’’ అని ఒక్కమాట అంది. తర్వాత నీళ్లడిగింది. తాగాక కాగితం తెప్పించి, జరిగిందంతా పైకి రాసింది. తన గ్రాఫు తప్పని కూడా రాసింది. నాకు మెమో ఇచ్చింది. ఇవ్వకపోతే నేనే అడిగి తీసుకునేవాణ్ణి.

అతను, ‘‘నేను ఎల్లను మేడమ్. వీళ్లందర్నీ ఎతకాల గదా’’ అన్నాడు.

‘‘వెతకడం ఆయన పని. తప్పు ఆయనది, కాళ్లూ ఆయనవే’’ అంది మేడమ్ నన్ను చూపించి. ‘‘మీరు వెళ్లండి. ఫిట్ అని సంతకం పెడుతున్నాను. పక్కన ఒకటిన్నర అని కూడా రాస్తున్నాను. రెండూ నిజమే. పనిచేయగలరు. మందులు వాడండి, నొప్పి మాత్రలు ముట్టుకోకండి, ఎండలో తిరగకండి.’’ ఆ మాటలు ఆవిడ రోజూ బెంచీమీది వాళ్లకు చెప్పేవే. బల్లకు ఇవతలివాడికి చెప్పడం అదే మొదటిసారి.

పలాస స్టేషనుకి నా స్కూటరుమీద దింపాను. రెండు గంటలు దాటిన ఎండ, ప్లాట్‌ఫారంమీద మనుషులు పలచగా ఉన్నారు. సంచి పక్కన పెట్టుకుని నీళ్ల సీసా మూత తీశాడు. ఎత్తబోయి ఆగి, సీసాలో నీళ్లకేసి చూశాడు. నేనూ చూశాను. తేటగా ఉన్నాయి. అవి ఎక్కడి నీళ్లో, వాటిలో ఏముందో, ఏమీ లేదో, మా ఇద్దరికీ తెలియదు. దాహమేసింది కాబట్టి తాగాడు.

‘‘క్షమించు అల్లుడూ’’ అన్నాను.

‘‘నువ్వు తిప్పకపోతే తెలిసేది, నిజమే’’ అన్నాడు. ‘‘కానీ నాను కూడా డాక్టర్నే గదా మావా. రోజూ ఒక్కటే అంకె వత్తంటే ఒక్కసారైనా అడగలేదు. బాగుందంటే బాగుందనుకున్నాను’’ అన్నాడు. రైలు వచ్చింది. ఎక్కుతూ, ‘‘ట్యూబులు కడుక్కోడం అన్నాను గదా ఆ రోజు. ఇప్పుడు ఆ పనే నేర్సుకోడానికి ఎల్తన్నాను. నిజంగానే ఎల్తన్నాను’’ అన్నాడు. అది నన్ను ఊరడించడానికి అన్నమాట కాదు. నాకు తెలుసు.

ఆ తర్వాత ఎర్ర గీతల జాబితా పట్టుకుని ఊళ్లు తిరిగాను. రిటైరయ్యేదాకా తిరిగాను, అయ్యాక కూడా తిరిగాను. ప్రతి ఇంటి ముందూ ఒకే ప్రశ్న, ‘‘మరి అప్పుడు బాగుందన్నావు గదా?’’ నాదీ ఒకే జవాబు, ‘‘అప్పుడు నాను తప్పు సెప్పినాను.’’ కొందరు మళ్లీ రావడం మొదలుపెట్టారు. కొన్ని ఇళ్లలో నేను వెళ్లేసరికే గోడమీద ఫోటోకి దండ ఉంది. ఎవరూ నన్ను కొట్టలేదు. ప్రతి ఇంట్లోనూ అరుగుమీద కూర్చోబెట్టి గ్లాసుతో మంచినీళ్లిచ్చారు. ఆ నీళ్లు తాగకుండా లేవడానికి మొహం చెల్లేది కాదు. తాగాను. అన్ని ఊళ్ల నీళ్లూ తాగాను.

ఆరో బెడ్డు అమ్మ ఇప్పుడు లేదు. పోయే ముందు వారం నా చెయ్యి పట్టుకుని, ‘‘ఆ గుంటడికి నిజం సెప్పీసినావా?’’ అని అడిగింది. సెప్పీసినానమ్మా అన్నాను. ‘‘అయితే బతుకుతాడు’’ అంది. ఆవిడ అంకెలు ఎప్పుడూ తప్పలేదు కాబట్టి ఆ మాట పట్టుకుని ఉన్నాను.

సీటు రాని పిల్లలకి నేను చెప్పగలిగింది ఇంతే. మిగిలిపోయిన సీటు చిన్నదని ఎవరైనా అంటే, అందులో కూర్చునేవాడు తప్పు చేస్తే ఎన్ని ఇళ్లు మునుగుతాయో నన్ను చూసి తెలుసుకోండి. ల్యాబుల్లో ఉన్న పిల్లలకి ఇంకొక్క మాట. అంకె నచ్చనప్పుడు మిషనుమీద చెయ్యి వేసే ముందు మనిషి మొహంలోకి చూడండి.

అతను ఇప్పుడు రెండో ఏడు. వాళ్ల ల్యాబులో పొద్దున్నే కంట్రోల్ సీసా పెట్టేది అతనేనట. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడట. ప్రతి సోమవారం పది గంటలకు నా ఫోనుకి ఒక అంకె పంపుతాడు. పలకరింపు ఉండదు, పక్కన మాట ఉండదు, అంకె మాత్రమే. 1.5. చాలా వారాలు 1.5. తర్వాత 1.6. పోయిన సోమవారం 1.8 వచ్చింది. ఫోను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి చూసుకుంటే, నా బొటనవేలు, ఫ్యాక్టరు తిప్పి తగ్గించడానికన్నట్టు, ఆ అంకెమీద అటూ ఇటూ కదులుతోంది.